తప్పు పాత లెన్స్‌దా, మధ్యలో ఉన్న రింగుదా?

పాత మాన్యువల్ లెన్స్ ఒకటి చేతికొస్తుంది, దానికో అడాప్టర్, అంటే లెన్స్‌కీ కెమెరాకీ మధ్య కూర్చునే రింగు తెప్పించి మిర్రర్‌లెస్ కెమెరాకి తగిలిస్తారు, మొదటి రోజు తీసిన ఫోటోలు తెరిచి చూస్తే అన్నీ పాలిపోయినట్టు ఉంటాయి, ఒక మూల మసకగా ఉంటుంది, దూరంగా ఉన్న కొండో మేడో ఎంత తిప్పినా పదునుగా రాదు. అప్పుడు రెండే మాటలు వినిపిస్తాయి. "పాత లెన్స్ కదా, అంతకంటే ఏం వస్తుంది" అని కొందరు, "అదే కదా వింటేజ్ లుక్, అదే దాని అందం" అని ఇంకొందరు. చాలాసార్లు ఈ రెండూ తప్పే. ఆ మసకకి కారణం ఎవరూ పట్టించుకోని ఆ మధ్య రింగు కావచ్చు, సెన్సర్ ముందు అతికించి ఉండే గాజు పలక కావచ్చు, కెమెరాలో మార్చడం మరిచిపోయిన ఒక సెట్టింగ్ కావచ్చు. ఈ మూడింటినీ పక్కకు తీసి చూశాక మిగిలేదే లెన్స్ అసలు గుణం. నింద అయినా మెచ్చుకోలు అయినా దానికే చెందాలి.

మొదట రింగు సంగతి. ప్రతి మౌంట్‌కీ, అంటే లెన్స్ కెమెరాకి బిగిసే అమరికకి, ఒక అంకె ఉంటుంది. లెన్స్ వెనక అంచు కెమెరాకి ఆనుకునే చోటు నుంచి ఫిల్మ్ దాకా, లేదా సెన్సర్ దాకా ఉండే దూరం అది. ఫ్లేంజ్ దూరం అంటారు. నికాన్ ఎఫ్ మౌంట్‌కి అది 46.5 మి.మీ., ఎం42 స్క్రూ మౌంట్‌కి 45.46, మినోల్టా ఎండీకి 43.5, కెనాన్ ఎఫ్‌డీకి 42. పాత ఎస్‌ఎల్‌ఆర్ కెమెరాల్లో లెన్స్‌కీ ఫిల్మ్‌కీ మధ్య ఒక అద్దం పైకీ కిందకీ లేవాలి, దానికి చోటు కావాలి కాబట్టి అన్నీ నలభై దాటాయి. మిర్రర్‌లెస్‌లో ఆ అద్దమే లేదు. అందుకే సోనీ 'ఈ' (E) మౌంట్ 18 మి.మీ.తో, నికాన్ జెడ్ 16తో, కెనాన్ ఆర్‌ఎఫ్ 20తో సరిపెట్టుకున్నాయి. మినోల్టా లెన్స్‌ని సోనీకి పెట్టాలంటే 43.5లోంచి 18 తీసేస్తే మిగిలే 25.5 మి.మీ. పొడవున్న ఖాళీ గొట్టం చాలు. లోపల గాజు అక్కర్లేదు, మోటారు అక్కర్లేదు. పాత అద్దం నిలబడిన చోటులో ఇప్పుడు ఈ గొట్టం నిలబడుతోంది, అంతే.

ఈ అంకెల్లో తేడా అటు ఇటైతే ఏమవుతుందో కెనాన్ ఎఫ్‌డీ లెన్స్‌ల కథే చెబుతుంది. 1971లో ఎఫ్-1 కెమెరాతో పాటు వచ్చిన ఎఫ్‌డీ మౌంట్‌ని పక్కన పెట్టి, కెనాన్ 1987లో ఆటోఫోకస్ కోసం ఈఎఫ్ మౌంట్ తెచ్చింది. కొత్తదాని దూరం 44 మి.మీ., పాతది 42. అంటే ఎఫ్‌డీ లెన్స్ ఇంకో 2 మి.మీ. లోపలికి కూర్చోవాలి, కానీ ఆ చోటు లేదు. రింగు మందం సున్నా అనుకున్నా లెన్స్ 2 మి.మీ. ముందుకే ఉండిపోతుంది. 50 మి.మీ. లెన్స్ అలా 2 మి.మీ. ముందుకు జరిగి కూర్చుంటే అది స్పష్టంగా చూడగలిగే గరిష్ఠ దూరం సుమారు 1.3 మీటర్లు. ఎదురుగా కూర్చున్న మనిషిని తీయొచ్చు, వీధి అవతల ఉన్న మనిషిని తీయలేం. మధ్యలో దిద్దుబాటు గాజు పెట్టిన అడాప్టర్లు వచ్చాయి గానీ, చవక గాజు ఒకటి మధ్యలో దూరితే లెన్స్ తయారుచేసినవాళ్ల కష్టమంతా అక్కడే పోయేది. దాంతో నిక్షేపంలాంటి లెన్స్‌లు ఇరవై ఏళ్లకు పైగా బీరువాల్లో పడి ఉన్నాయి. 2008లో పానసోనిక్ జీ1తో మైక్రో ఫోర్ థర్డ్స్ అనే చిన్న సెన్సర్ ఉన్న మిర్రర్‌లెస్ కెమెరాలు మొదలయ్యాయి, 2010లో సోనీ నెక్స్ కెమెరాలు వచ్చాయి, 2013లో సోనీ ఎ7 వచ్చి ఫుల్ ఫ్రేమ్, అంటే పాత ఫిల్మ్ ఫ్రేమంత సెన్సర్‌ని కూడా అందించింది. ఎఫ్‌డీ లెన్స్‌లు మళ్లీ బయటికొచ్చాయి. వాటి గాజు మారలేదు, రంగు మారలేదు, మారింది వెనకున్న ఖాళీ మాత్రమే.

ఎం42 లెన్స్‌లని నికాన్ డీఎస్‌ఎల్‌ఆర్‌ మీద పెట్టినవాళ్లదీ ఇదే బాధ. తేడా ఒక్క మి.మీ. పైచిలుకు. అయినా 50 మి.మీ. లెన్స్ రెండున్నర మీటర్ల దగ్గరే ఆగిపోతుంది.

ఇంతవరకూ చాలామందికి తెలుసు. తెలియనిది దీని తర్వాతి సంగతి. రింగులో గాజు లేదు కదా, ఖాళీ గొట్టంలో చెడిపోవడానికి ఏముంది అనుకుంటారు. ఆ గొట్టం పొడవు ఖచ్చితంగా ఉండాలి, రెండు అంచులూ ఒకదానికొకటి సమాంతరంగా ఉండాలి, లోపలి గోడ వెలుతురుని తిరిగి కొట్టకూడదు. ఈ మూడూ సరిగ్గా ఉన్న రింగు తయారుచేయడం తేలికేం కాదు, అందుకే చవక రింగుల్లో మూడింట్లో ఒకటైనా తప్పుతుంది.

పొడవుతోనే మొదలుపెడదాం. రింగు ఒక వెంట్రుకవాసి పొడవెక్కినా లెన్స్ ఇన్ఫినిటీకి, అంటే బాగా దూరంలో ఉన్నవాటి మీద ఫోకస్ నిలిచే చోటికి చేరదు, కొన్నవాళ్లు వెంటనే తిరిగి పంపేస్తారు. అందుకని చాలా రింగుల్ని కావాలనే కాస్త పొట్టిగా చేస్తారు. పొట్టిగా ఉంటే ఇన్ఫినిటీ వస్తుంది, లెన్స్ మీది ఫోకస్ రింగు తిరగడం ఆగిపోయే చోటికి కొంచెం ముందే వచ్చేస్తుంది, ఎవరూ గమనించరు. 0.1 మి.మీ. పొట్టి అనుకుందాం, అంటే తల వెంట్రుక మందమంత. 135 మి.మీ. టెలీ లెన్స్‌లో, లెన్స్ మీది దూరాల స్కేలు మీద 180 మీటర్ల దగ్గర పెడితే అసలైన ఇన్ఫినిటీ వస్తుంది. ఆ లెన్స్ మీద అన్ని మీటర్లకి గీతే ఉండదు, తేడా కంటికే ఆనదు. 50 మి.మీ. లెన్స్‌లో అది 25 మీటర్ల దగ్గరికి వస్తుంది. ఇదీ ఫరవాలేదు. అదే 24 మి.మీ. వైడ్ లెన్స్‌లో చూస్తే, ఆరు మీటర్లు కూడా లేని గుర్తు దగ్గరే ఇన్ఫినిటీ వచ్చేస్తుంది. అక్కణ్ణుంచి ఆగిపోయే చోటు దాకా తిప్పినదంతా ఇన్ఫినిటీ అవతలే, అక్కడ ఏదీ పదునుగా రాదు. "ఇన్ఫినిటీ అంటే చివరిదాకా తిప్పడమే కదా" అని పాత అలవాటుతో చివరికి తిప్పేసి కొండని తీసినవాళ్లకి మసక కొండే దొరుకుతుంది. లెన్స్ చెడ్డది అన్న పేరు అక్కడే పడిపోతుంది.

వీధి ఫోటోలు తీసేవాళ్లకి దీంతో ఇంకో నష్టం ఉంది. 24 మి.మీ. లెన్స్‌లో అపర్చర్‌ని, అంటే వెలుతురు లోపలికొచ్చే కన్నాన్ని ఎఫ్/8 దగ్గర పెట్టి స్కేలు మీద 2.4 మీటర్లకి తిప్పి వదిలేస్తే ఫుల్ ఫ్రేమ్‌లో సుమారు 1.2 మీటర్ల నుంచి దూరం దాకా అన్నీ పదునుగా వస్తాయి, ఇక ఫోకస్ గురించి ఆలోచించకుండా నడుస్తూ తీసుకోవచ్చు. రింగు పైన చెప్పినంత పొట్టిదైతే అదే గుర్తు దగ్గర లెన్స్ నిజంగా చూసేది నాలుగు మీటర్లని. దగ్గరి హద్దు 1.2 నుంచి 1.5 మీటర్లకి జరిగిపోతుంది. ఎదురుపడ్డ మనిషి ముఖం మెత్తబడి, వెనకాల గోడ మాత్రం గీత గీసినట్టు వస్తుంది.

కొన్ని వైడ్ లెన్స్‌లకి పొట్టి రింగు వల్ల అసలు నాణ్యతే తగ్గుతుంది. దగ్గరి దూరాల్లో మూలలు చెడకుండా ఉండటానికి, ఫోకస్ తిప్పుతుంటే లోపలి గాజుల మధ్య దూరం కూడా మారేలా కొన్ని లెన్స్‌లని చేశారు. 1967 నాటి నికోర్ 24 మి.మీ. ఎఫ్/2.8తో నికాన్ ఈ పద్ధతి మొదలుపెట్టింది. రింగు పొట్టిదైతే, కొండ మీద ఫోకస్ చేసినప్పుడు ఆ లెన్స్ తాను ఆరు మీటర్ల దూరంలోని వస్తువుని చూస్తున్నానని అనుకుని లోపలి గాజుల్ని దానికి తగ్గట్టు జరుపుకుంటుంది. మధ్యభాగం బాగుంటుంది, మూలలు మెత్తగా వస్తాయి. అలాంటి మూలల్ని చూసి ఆ లెన్స్‌ని తీసిపారేయడం అన్యాయం.

దీన్ని కనిపెట్టడం చాలా సులువు. కెమెరాని స్టాండు మీద పెట్టి, కనీసం కిలోమీటరు దూరంలో ఉన్న టవరునో రాత్రి పూట నక్షత్రాన్నో వ్యూఫైండర్‌లో బాగా పెద్దది చేసి చూస్తూ, అపర్చర్ పూర్తిగా తెరిచి, ఫోకస్ రింగుని మెల్లగా తిప్పాలి. అత్యంత పదునుగా కనిపించిన చోట చెయ్యి ఆపి స్కేలు చదవాలి. ఇన్ఫినిటీ గుర్తుకి ముందే పదును వచ్చేస్తే రింగు పొట్టిదని అర్థం, చివరిదాకా తిప్పినా రాకపోతే పొడవెక్కువని అర్థం. లెన్స్‌ని గతంలో ఎవరైనా విప్పి తప్పుగా బిగించి ఉంటే కూడా ఇలాగే కనిపిస్తుంది, కాబట్టి అదే మౌంట్ లెన్స్ ఇంకోటి ఉంటే దాన్నీ చూడాలి, రెండూ ఒకేలా తప్పితే దోషం రింగుదే. పొట్టి రింగుకి మందు ఉంది. చాలా అడాప్టర్లలో ఒకవైపు పలక నాలుగు చిన్న స్క్రూలతో బిగించి ఉంటుంది. దాన్ని విప్పి కింద పలుచటి లోహపు రేకు ముక్కలు సమానంగా పరిచి మళ్లీ బిగిస్తే పొడవు పెరుగుతుంది. స్క్రూలకి సరిపోయే డ్రైవర్ లేకుండా మొదలుపెడితే మాత్రం వాటి తలలు అరిగి అసలుకే మోసం వస్తుంది.

అంచులు సమాంతరంగా లేకపోతే ఫోటోలో ఒక పక్క మెత్తగా వస్తుంది. ఇక్కడ దోషి లెన్సా రింగా అని తేల్చడానికి ఎం42 లెన్స్‌లతో ఒక చక్కటి వీలుంది. చాలా ఎం42 అడాప్టర్లలో మర ఉన్న లోపలి వలయం వేరుగా ఉండి, పక్కనుంచి మూడు బుల్లి స్క్రూలతో ఆగి ఉంటుంది. లెన్స్ బిగించాక స్కేలు పైకి రాకుండా పక్కకి తిరిగి ఉంటే సరిచేసుకోవడానికే ఆ ఏర్పాటు. ఆ స్క్రూలు వదులు చేసి లెన్స్‌ని పావు చుట్టు తిప్పి మళ్లీ అదే దూరపు దృశ్యం తీయాలి. మెత్తటి మూల కూడా లెన్స్‌తో పాటు తిరిగితే తప్పు లెన్స్‌లో ఉంది. మూల ఉన్నచోటే ఉండిపోతే రింగులో ఉంది, లేదా కెమెరా బాడీలో.

ఇక మూడోది లోపలి గోడ. దీనికి దక్కాల్సిన శ్రద్ధ అస్సలు దక్కడం లేదు. పైపైన నల్లగా కనిపించే అడాప్టర్‌ని విప్పి, దీపం కింద ఏటవాలుగా పట్టుకుని, ఒక కన్ను మూసి లోపలికి చూడండి. చాలావాటిలో ఆ నలుపు నిగనిగలాడుతుంది. నల్లగా ఉన్నా నిగారింపు ఉంటే, ఏటవాలుగా పడిన వెలుతురుని అద్దంలాగే తిరిగి కొడుతుంది. పాత ఫుల్ ఫ్రేమ్ లెన్స్ 36 x 24 మి.మీ. ఫ్రేమ్ మొత్తం నిండేంత గుండ్రటి బింబాన్ని పంపిస్తుంది, అంతకంటే చిన్నదైన ఏపీఎస్-సీ సెన్సర్ అందులో మధ్యముక్కే వాడుకుంటుంది, మిగిలిన వెలుతురంతా అడాప్టర్ గోడలకీ కెమెరా లోపలి గోడలకీ తగిలి చెల్లాచెదురై కొంత సెన్సర్ మీద పడుతుంది. నీడలన్నీ బూడిదరంగులోకి తేలతాయి. ఎండలో నల్ల చొక్కా వేసుకున్న మనిషిని తీస్తే చొక్కా నల్లగా రాదు. ఇదే పాలిపోయిన "వింటేజ్ లుక్". గోడలకి వెలుతురు మింగే నల్లటి మఖమల్ కాగితం అతికించి అదే చోట అదే దృశ్యం తీస్తే, లెన్స్ మార్చినంత తేడా కనిపించడం అరుదేమీ కాదు. కొన్నిటిలో ఏమీ మారదు, అప్పుడు ఆ పాలిపోవడం నిజంగా లెన్స్‌దే.

ముందునుంచి వచ్చే ఎండ సంగతి వేరు. ఫ్రేమ్ బయట నుంచి పక్కవాటుగా వెలుతురు ముందు గాజు మీద పడుతున్నప్పుడు, వ్యూఫైండర్‌లో చూస్తూ లెన్స్ పైన అరచేయి అడ్డం పెట్టి చూడాలి. తెర తీసినట్టు దృశ్యం తేటపడితే లెన్స్ ముందు తగిలించే గొడుగులాంటి హుడ్ కొనాలి.

రెండో అనుమానితుడు సెన్సర్ ముందున్న గాజు. ఫిల్మ్ ముందు ఏమీ ఉండేది కాదు. డిజిటల్ సెన్సర్ ముందు పరారుణ కిరణాల్ని ఆపే ఫిల్టరు, రక్షణ గాజు కలిపి ఒక పొర ఉంటుంది. సోనీ ఫుల్ ఫ్రేమ్ కెమెరాల్లో సుమారు 2 మి.మీ., మైక్రో ఫోర్ థర్డ్స్‌లో సుమారు 4 మి.మీ., లైకా ఎం డిజిటల్ కెమెరాల్లో ఒక మి.మీ. కూడా ఉండదు. కిరణాలు నిటారుగా వస్తే ఈ పొరతో పెద్ద ఇబ్బంది లేదు. బాగా ఏటవాలుగా వస్తే మాత్రం గాజులో వంగి, మూలల్లో పదును చెదిరిపోతుంది, కొన్నిసార్లు అంచుల్లో గులాబీరంగు చాయ కూడా కమ్ముతుంది.

ఏ లెన్స్ నుంచి ఏటవాలుగా వస్తాయన్నది ఆ లెన్స్ ఏ కెమెరా కోసం పుట్టిందన్న దాని మీద ఆధారపడుతుంది. ఎస్‌ఎల్‌ఆర్ వైడ్ లెన్స్‌లు అద్దానికి చోటు వదలాలి కాబట్టి వెనక గాజు ఫిల్మ్‌కి దూరంగా ఉండేలా రెట్రోఫోకస్ పద్ధతిలో చేశారు. 1950లో ఆంజెన్యూ తెచ్చిన 35 మి.మీ. ఎఫ్/2.5 ఈ కోవలో మొదటి తరం లెన్స్, ఆ పద్ధతికి ఆ పేరు దాని నుంచే వచ్చింది. అద్దం కోసం పడిన ఆ తిప్పలు అర్ధశతాబ్దం తర్వాత డిజిటల్ సెన్సర్‌కి కలిసొచ్చాయి. లెన్స్ గుండా కాకుండా పక్కనున్న వేరే కిటికీలోంచి చూసి ఫోకస్ చేసే రేంజ్‌ఫైండర్ కెమెరాల్లో అద్దం లేదు, అందుకని వాటి వైడ్ లెన్స్‌ల వెనక గాజు ఫిల్మ్‌కి దాదాపు ఆనుకునేంత లోపలికి వెళ్తుంది. సోవియట్ జూపిటర్-12 లెన్స్ వెనక వైపు చూస్తే ఒక పెద్ద గాజు గుండు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఫిల్మ్ మీద అవి చాలా పదునైన లెన్స్‌లు. మిర్రర్‌లెస్ మీద మధ్యభాగం అద్భుతంగా, మూలలు కొట్టుకుపోయినట్టు వస్తాయి, పైగా కొన్ని బాడీల్లో ఆ గాజు లోపలి గోడకి తగిలే ప్రమాదం కూడా ఉంది, తగిలించేముందు లోతు కొలుచుకోవడం మంచిది.

ఈ పొరని పలచన చేయడం ఎంత కష్టమో 2006లో వచ్చిన లైకా ఎం8 చూపించింది. పాత లెన్స్‌లు మూలల దాకా పనిచేయాలని ఫిల్టరుని బాగా పలుచగా పెట్టారు, దాంతో పరారుణ కిరణాలు లోపలికి వచ్చి కృత్రిమ నూలుతో నేసిన నల్ల బట్టలు ఊదారంగులో పడ్డాయి, చివరికి లెన్స్ ముందు వేరే ఫిల్టరు పెట్టుకోవాల్సి వచ్చింది. తర్వాతి కెమెరాల్లో దాన్ని సరిదిద్దారు. రేంజ్‌ఫైండర్ వైడ్ లెన్స్‌లే ముఖ్యం అనుకునేవాళ్లకి లైకా బాడీయే దారి. 50 మి.మీ., ఆపైన ఉన్నవాటితో మాత్రం ఏ బాడీ అయినా పెద్ద తేడా ఉండదు.

క్రాప్, అంటే చిన్న సెన్సర్ బింబంలో మధ్యముక్కే తీసుకోవడం, దాని సంగతి ఒక్క మాటలో చెప్పొచ్చు. 50 మి.మీ. లెన్స్ ఏపీఎస్-సీ మీద 75లా, మైక్రో ఫోర్ థర్డ్స్ మీద 100లా కనిపిస్తుంది. అది ఇబ్బందైతే, 2013లో మెటాబోన్స్ తెచ్చిన స్పీడ్ బూస్టర్ లాంటి అడాప్టర్లు ఉన్నాయి. వీటిలో గాజు ఉంటుంది, బింబాన్ని 0.71 వంతుకి కుదిస్తాయి, 50 మి.మీ. ఎఫ్/2 లెన్స్ 35 మి.మీ. ఎఫ్/1.4లా పనిచేస్తుంది. లేకపోతే గోడలకి తగిలి చెదిరిపోయే వెలుతురులో కొంత బింబంలో భాగంగానే సెన్సర్ మీదికి చేరుతుంది కాబట్టి పైన చెప్పిన పాలిపోయే జబ్బు తగ్గుతుంది. గాజు మంచిదైతేనే.

ఇక మూడో అనుమానితుడు కెమెరా సెట్టింగులు. చాలా కెమెరాలు లెన్స్‌తో మాట కలవకపోతే లెన్సే లేదనుకుని షట్టర్ నొక్కనివ్వవు, మెనూలో లెన్స్ లేకుండా తీయనివ్వు అనే ఎంపికని ఆన్ చేయాలి. కెమెరాని అపర్చర్ ప్రయారిటీలో పెట్టి, అపర్చర్ లెన్స్ మీద తిప్పుకుంటే వెలుతురు లెక్క కెమెరానే చూసుకుంటుంది. ఎం42 లెన్స్‌లలో కొన్నిటికి వెనక ఒక పిన్ను ఉంటుంది, దాన్ని నొక్కితేనే అపర్చర్ రేకులు మూసుకుంటాయి. అపర్చర్ రింగు ఎంత తిప్పినా రేకులు కదలకపోతే లెన్స్ పాడైందని కంగారు పడకుండా, పక్కన ఆటో, మాన్యువల్ అని మీట ఉందేమో చూడాలి, లేకపోతే పిన్నుని నొక్కిపట్టే గట్టు ఉన్న అడాప్టర్ తీసుకోవాలి. ఎఫ్‌డీ లెన్స్‌లకైతే అడాప్టర్ మీద ఒక తాళం రింగు ఉంటుంది, అది తెరుచుకున్న స్థితిలో ఉండిపోతే అపర్చర్ ఎప్పుడూ పూర్తిగా తెరిచే ఉంటుంది.

బాడీలోనే వణుకు ఆపే ఏర్పాటు ఉన్న కెమెరాల్లో ఇంకో గండం. లెన్స్ ఎన్ని మి.మీ.దో మనమే చెప్పాలి. చెయ్యి వణికినప్పుడు బింబం ఎంత జరుగుతుందో ఆ అంకెని బట్టే కెమెరా లెక్కేసి సెన్సర్‌ని జరుపుతుంది. పొద్దున 135 మి.మీ. లెన్స్‌తో తీసి సాయంత్రం 50 మి.మీ. పెట్టి అంకె మార్చడం మరిచిపోతే, సెన్సర్ జరగాల్సినదానికి రెండున్నర రెట్లకు పైగా జరుగుతుంది. చెయ్యి కాస్త వణికినా చాలు, దాన్ని దిద్దబోయి కెమెరానే ఇంకా ఎక్కువ వణికిస్తుంది. ఇక్కడ క్రాప్ కలపకుండా లెన్స్ మీద రాసి ఉన్న అసలు అంకెనే ఇవ్వాలి.

ఫోకస్ దగ్గర ఓపిక కావాలి. 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్‌తో మీటరు దూరంలో ముఖం తీస్తుంటే ఫుల్ ఫ్రేమ్‌లో పదునుగా వచ్చే లోతు మూడు సెంటీమీటర్లు. కన్ను మీద ఫోకస్ పెట్టి, ఊపిరి పీల్చి, బటన్ నొక్కేలోపు తల కాస్త ముందుకు వాలితే చాలు, కనుబొమ్మ మీదకో చెవి మీదకో పోతుంది. అంచుల్ని రంగు గీతలతో మెరిపించే ఫోకస్ పీకింగ్‌ని ఇక్కడ పూర్తిగా నమ్మకూడదు. అది చూసేది వెలుగునీడల తేడాని, పదునుని కాదు. అపర్చర్ పూర్తిగా తెరిచిన పాత లెన్స్‌లో తేడాలు మెత్తగా ఉంటాయి కాబట్టి కొన్నిసార్లు ఏదీ మెరవదు, బాగా ఎండగా ఉంటే కన్ను, ముక్కు, చెవి అన్నీ ఒకేసారి మెరుస్తాయి. పీకింగ్‌తో దగ్గరికి తెచ్చుకుని, వ్యూఫైండర్‌ని పెద్దది చేసి కనురెప్పల వెంట్రుకలు విడివిడిగా కనిపించేదాకా తిప్పడమే నమ్మకమైన పద్ధతి. కదిలే పిల్లల్ని తీయడానికి ఇది సరిపోదు, అలాంటిచోట ఆటోఫోకస్ లెన్స్ వాడటమే మేలు. ఎఫ్/1.4 లాంటి పెద్ద అపర్చర్ ఉన్న కొన్ని పాత లెన్స్‌లు అపర్చర్ మూసేకొద్దీ ఫోకస్‌ని కాస్త వెనక్కి జరుపుతాయి కూడా, ఎఫ్/1.4 దగ్గర పెట్టిన ఫోకస్ ఎఫ్/2.8 దగ్గర తప్పుతుంది. ఏ అపర్చర్‌తో తీస్తామో దానితోనే ఫోకస్ చేసుకుంటే ఆ బాధ ఉండదు.

ఇవన్నీ సరిచూశాక లెన్స్ తన సొంత ముఖంతో కనిపిస్తుంది. కోటింగ్, అంటే ప్రతిబింబాల్ని తగ్గించే పలుచటి పూత లేని గాజు ఉపరితలం ఒక్కొక్కటి సుమారు 4 శాతం వెలుతురుని వెనక్కి కొడుతుంది, గాలి తగిలే ఎనిమిది ఉపరితలాలున్న లెన్స్‌లో అలా పావు వంతుకి పైగా దారితప్పుతుంది. 1935లో జైస్‌లో అలెగ్జాండర్ స్మాకులా కనిపెట్టిన కోటింగ్ దీన్ని బాగా తగ్గించింది, 1971లో పెంటాక్స్ అనేక పొరల కోటింగ్‌ని తన టాకుమార్ లెన్స్‌లలోకి తెచ్చింది. కాబట్టి ఒకే పొర ఉన్న పాత లెన్స్ ఎండకి ఎదురుగా కాస్త తేలిపోవడం నిజమైన గుణమే, దాన్ని ఇష్టపడటంలో తప్పు లేదు.

హీలియోస్ 44-2 తిప్పే సుడి బోకే, అంటే ఫోకస్‌లో లేని బ్యాక్‌గ్రౌండ్ సుడి తిరిగినట్టు కనిపించడం, అది కూడా నిజమైనదే. జైస్ బయోటార్ 58 మి.మీ. ఎఫ్/2 నమూనాని తీసుకుని సోవియట్ యూనియన్‌లో చేసిన లెన్స్ అది. మధ్యలో గుండ్రంగా పడే వెలుగు చుక్కలు, అంచుల్లో లెన్స్ గొట్టం కిరణాల్లో కొంత భాగాన్ని కోసేయడం వల్ల పిల్లికన్నులా నొక్కుకుపోతాయి, ఆ కన్నులన్నీ కేంద్రం చుట్టూ వరుసలో పడుకున్నట్టు ఉండటంతో బ్యాక్‌గ్రౌండ్ తిరుగుతున్నట్టు అనిపిస్తుంది. ఇది రావాలంటే అపర్చర్ ఎఫ్/2 దగ్గరే ఉండాలి, మనిషి మీటరున్నర దూరంలో, వెనకాల మరికొన్ని మీటర్ల అవతల ఎండ జొరబడే ఆకులు ఉండాలి. ఖాళీ గోడ ముందు ఏ సుడీ రాదు. ఏపీఎస్-సీ మీద సుడి ఉండే అంచులే కోతకి పోతాయి, "నా హీలియోస్ తిరగడం లేదు" అనేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

కొన్ని టాకుమార్ 50 మి.మీ. ఎఫ్/1.4 లెన్స్‌లలో ఒక గాజులో థోరియం కలిపారు. గాజు వక్రీభవనం పెంచడానికి చేసిన పని అది. ఏళ్లు గడిచేకొద్దీ ఆ రేడియోధార్మికతకి గాజు టీ రంగుకి తిరుగుతుంది. వెనక అల్యూమినియం రేకు కాగితం పెట్టి కొన్ని రోజులు ఎండలోనో అతినీలలోహిత దీపం కిందో ఉంచితే చాలావరకు విరుగుతుంది. రేకు లేకుండా ఎండలో వదిలేస్తే భూతద్దంలా పనిచేసి కిందున్నది కాలిపోతుంది, జాగ్రత్త. మామూలు వాడకంలో కెమెరాకి ఉన్నంతవరకూ భయపడాల్సిన పని లేదు, గాజుని గీకడం, నూరడం, కంటికి ఆనించుకునే భూతద్దంగా వాడటం మాత్రం చేయకూడదు.

అసలైన జబ్బులు టార్చి వెలుతురులో బయటపడతాయి. అపర్చర్ పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి, ముందునుంచి ఏటవాలుగా చూడాలి. ధూళి చుక్కలు ఎన్ని ఉన్నా ఫోటోలో కనిపించవు, వాటి గురించి బేరం తెంచుకోవద్దు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే అది ఫంగస్, కోటింగ్‌ని తింటుంది, ముదిరితే గాజునే చెక్కేస్తుంది. గాజంతా ఊపిరి ఊదినట్టు పలుచటి పొగ కనిపిస్తే అది ఇంకా చెడ్డది, టార్చి లేకుండా కంటికి ఆనకుండానే ఫోటోల్లో నీడలన్నిటినీ చెడగొడుతుంది. ముందు గాజు మీద గీత కంటే వెనక గాజు మీద గీత ఎక్కువ నష్టం. అపర్చర్ రేకుల మీద నూనె మెరిస్తే, చేత్తో తిప్పే లెన్స్‌లో రేకులు కదులుతూనే ఉంటాయి గానీ, ఆ నూనె ఆవిరే మెల్లగా గాజు మీదికి పొగలా చేరుతుంది.

ఒకే మౌంట్ లెన్స్‌లు నాలుగైదు పోగయ్యాక అన్నిటికీ ఒకే అడాప్టర్ మార్చి మార్చి వాడటం మామూలే. టెలీ లెన్స్‌లకీ 50 మి.మీ.లకీ అది నడుస్తుంది. 28 మి.మీ., అంతకంటే వైడ్ అయినదానికి మాత్రం విడిగా ఒక రింగు కేటాయించి, ఆ లెన్స్‌తోనే నక్షత్రం మీద సరిచూసి, కింద రేకు ముక్కలు పెట్టి ఇన్ఫినిటీ గుర్తుకి సరిగ్గా తెచ్చుకుని, ఇక దాన్ని ఆ లెన్స్ వెనక నుంచి తీయకుండా అలాగే ఉంచేయాలి.